ఎడమకు లాగే బండి

ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పడం కూర్మదాసుగారికి అలవాటు లేదు. బొబ్బిలిలో ఆయన దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అడిగినవాడు అడిగి ఊరుకోవాలి. జవాబు ఎప్పుడో, ఏ పని మధ్యనో దానంతట అదే ఎదురుపడేది. కొందరికి అది జవాబని తెలిసేది, కొందరికి తెలిసేది కాదు. తెలియనివాళ్ల మీద ఆయన కోప్పడేవారు కాదు, రెండోసారి చెప్పేవారూ కాదు.

ఆ ఏడు శ్రీరామనవమికి ముందు ఆయన పెద్ద శిష్యుడు జోగారావు ఒక ప్రశ్న అడిగాడు. దాసుగారికి మోకాళ్లు పట్టు తప్పాయి. కాలికి గజ్జె కట్టి గంటల తరబడి నిలబడే శక్తి ఇక లేదని ఆయనే తేల్చుకుని, పాలకొండ పందిట్లో ఈసారి కథ జోగారావుని చెప్పమన్నారు. ఇక మీద మేళం కూడా అతనిదే. గురువుగారి వెనక నిలబడి ఎనిమిదేళ్లు పాడినవాడికి అంతకంటే కావలసింది ఏముంటుంది? అయినా అతని మనసులో ఒక నలుసు ఉండిపోయింది.

"తప్పుగా అనుకోకండి గురువుగారూ. సన్యాసయ్యగారి మృదంగం పరుగెడుతుందండి. ఎత్తుకున్నప్పుడు ఒక నడక, ముగించేటప్పుడు ఇంకో నడక. మీరు కాబట్టి ఇన్నాళ్లూ పట్టి నిలబెట్టారు. రేపు నా మేళంలోకి కూడా ఆయన్నే తీసుకోవాలా?"

సన్యాసయ్య ముప్పయ్యేళ్లుగా దాసుగారి పక్కన వాయిస్తున్న మనిషి. వేరే మేళం ఎరగడు, వేరే పనీ ఎరగడు. జోగారావు వద్దంటే ఆ వయసులో ఆయన్ని ఇంకెవరూ పిలవరు. ఆ సంగతి అడిగినవాడికీ తెలుసు, విన్నవారికీ తెలుసు. దాసుగారు తమలపాకు ఈనె తీస్తూ, "రేపు కారు చూడ్డానికి వెళ్తున్నాం కదా, సన్యాసయ్యని కూడా రమ్మను" అన్నారు.

కారు మేళం కోసమే. ఊరూరికీ బస్సుల్లో తిరిగి మృదంగాలు దెబ్బలు తింటున్నాయి, మనుషులు నలిగిపోతున్నారు. అందరూ కూర్చుని, వాద్యాలు కూడా పట్టే పాత కారు ఏదైనా దొరికితే కొనుక్కోవాలని నిర్ణయించుకున్నారు. పైడయ్య అనే అతని దగ్గర అలాంటిదొకటి ఉంది. సాలూరు దారిలో కిరాయికి తిప్పేవాడు. ఆటోలు పెరిగి కిరాయిలు పడిపోయాక అమ్మకానికి పెట్టాడు. బండి తెల్లగా, శుభ్రంగా ఉంది. ముందుగా పరీక్ష చేయడానికి జోగారావు ఖాదర్ అనే మెకానిక్‌ని తీసుకువచ్చాడు. ఖాదర్ బండి కింద దూరాడు, మూత ఎత్తి చూశాడు, ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

"ఇంజను బంగారం. ప్రాణం మీదికి తెచ్చేది ఏదీ లేదు. చిన్నచిన్నవి ఉన్నాయి, చెప్పడం నా ధర్మం. వైపరు రబ్బర్లు అరిగాయి. వెనక తలుపు బయటినుంచి తీస్తేనే వస్తుంది. హారన్ గొంతు బొంగురు పోయింది."

"బొంగురు గొంతు మా మేళానికి కొత్త కాదులే" అన్నారు దాసుగారు.

"ఇంకొకటండి. బండి కొంచెం ఎడమకు లాగుతోంది."

అంతవరకూ తలూపుతూ వింటున్న పైడయ్య ముఖం మాడిపోయింది. "లాగడమేటి బాబూ? గీత గీసినట్టు ఎల్తాది. పన్నెండేళ్లుగా నానే తోల్తన్నాను, నాకు తెలీదేటి?"

అబద్ధం చెప్పేవాడి ముఖం ఒకలా ఉంటుంది. పైడయ్య ముఖం అలా లేదు. కన్నబిడ్డ నడవడి మీద ఎవరో మాట అంటే తండ్రి చూసే చూపు అది. కానీ జోగారావు ముఖాలు చూసే స్థితిలో లేడు. సరుకు అమ్మేవాడు తప్పు ఒప్పుకోడని అతను ముందే నిశ్చయించుకుని వచ్చాడు. "అయితే నడిపి చూపించు" అన్నాడు.

అందరూ ఎక్కారు. దాసుగారు ముందు, పైడయ్య పక్కన కూర్చున్నారు. వెనక సీట్లో సన్యాసయ్య, మృదంగం లేని చేతులతో మోకాళ్ల మీదే ఏదో ముక్తాయింపు వేసుకుంటూ, జోగారావు వైపు ఒరిగాడు. "ఒక పక్కకి లాగే బండి మనకెందుకు జోగులూ? తిన్నగా నడిచే మనుషులం, తిన్నగా నడిచేదే చూసుకోవాలి" అన్నాడు. జోగారావు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

పైడయ్య తోలితే బండి నిజంగానే గీత గీసినట్టు వెళ్లింది. చెరకు తోటలు దాటేదాకా అటూ ఇటూ జరగలేదు. "సూసారా" అన్నాడు పైడయ్య. జోగారావు ఊరుకోలేదు. బండి ఆపించి తను చక్రం ముందు కూర్చున్నాడు. నాలుగు బారలు వెళ్లి చేతులు వదులు చేశాడో లేదో, బండి నెమ్మదిగా ఎడమకు వాలి, రోడ్డు వారన ఎవరో ఆరబోసుకున్న మొక్కజొన్న గింజల మీదికి పోబోయింది. చప్పున తిప్పుకున్నాడు.

"ఇదేమిటి పైడయ్యా మరి?"

"రోడ్డు వాటం బాబూ అది. రోడ్డు అటు వాలుంటే బండేటి సేస్తాది?"

"బండి మీది తప్పు రోడ్డు మీదికి తోస్తావేం? తెలిసి దాచడం మంచిపని కాదు."

దాసుగారు మాత్రం అంతసేపూ రోడ్డు చూడలేదు. పైడయ్య తోలుతున్నప్పుడు అతని చేతులు చూశారు. "బండి తీసుకుందాం" అన్నారు. "జోగారావు అన్నట్టే ఆ లాగుడు బాగుచేయిద్దాం. ఒక్కటే మాట. బాగయ్యాక దాన్ని మా ఇంటిదాకా పైడయ్యే తోలుకురావాలి."

మూడో నాడు ఖాదర్ తన షెడ్డులో చక్రాలకి అలైన్‌మెంట్ సరిచేశాడు. గురుశిష్యులిద్దరూ అక్కడికే వెళ్లి కారెక్కారు. పైడయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని బండి కదిపాడు. వంద గజాలు పోలేదు, బండి కుడికి జరగడం మొదలెట్టింది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న మనిషి దిగి, సైకిలుతో సహా పక్కకి తప్పుకున్నాడు. పైడయ్య ఎడమకు తిప్పాడు, మళ్లీ కుడికి వచ్చింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ వచ్చింది. పక్కకి ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా బండిని పాడు సేసీసారు బాబూ" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

"పాడు చేయడం ఏమిటి, లే ఇలా" అని జోగారావు తను కూర్చుని తోలాడు. చేతులు వదిలినా బండి తిన్నగా పోయింది. ఇంకాస్త దూరం వదిలాడు, తిన్నగానే పోయింది. అతనికి నవ్వు వచ్చింది. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. వెనక సీట్లో పైడయ్య తన రెండు చేతులూ ముఖం దగ్గర పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

దాసుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "బండికి బాగైంది పైడయ్యా. చేతులకి ఇంకా కబురు అందలేదు."

"అయితే ఇన్నాళ్లూ దాన్ని నానే పట్టుకున్నానేటి బాబూ?" అన్నాడు పైడయ్య. "ఎప్పుడూ బరువనిపించనేదు."

తెలిసి దాచావని తను అన్న మాట జోగారావుకి గుర్తొచ్చింది. క్షమించమన్నాడు. అంతవరకూ మంచిదే. కానీ మనిషి తనకు కావలసిన అర్థం వెతుక్కోవడంలో చాలా చురుకు. ఇంటికి వచ్చి ఆలోచించుకుంటే, గురువుగారు తన ప్రశ్నకి జవాబు చెప్పేశారనిపించింది. లోపం ఉన్నచోట సర్దుకుపోనక్కర్లేదు. బాగుచేసుకుంటే బండి తిన్నగా పోతుంది. అలా అనుకుని అతను విజయనగరం నుంచి ధర్మారావు అనే యువకుణ్ణి పిలిపించాడు. నేర్పు గలవాడు, వినయం గలవాడు. వాయిస్తే గోడ గడియారంలాగా నడక ఒక్కలాగే ఉంటుందని పేరు.

సాధన దాసుగారి ఇంటి వసారాలోనే పెట్టుకున్నారు. ఆ పొద్దున సన్యాసయ్య అటుగా వచ్చాడు. అరుగు మీద కొత్త మృదంగం కనిపించింది. తనని ఎవరూ పిలవలేదని అర్థమైంది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఎండ అరుగు మీదికి పాకుతోందని చూసి, ఆ మృదంగాన్ని రెండు చేతులా ఎత్తి, నీడలో గోడవారన పెట్టి వెళ్లిపోయాడు. లోపల గదిలోంచి దాసుగారు అది చూశారు. పిలవలేదు.

సాయంత్రం జోగారావు గజ్జె కట్టి, చిడతలు పట్టి కథ ఎత్తుకున్నాడు. స్వరం బాగుంది, మాట బాగుంది. కానీ సీతాస్వయంవరం ఎంతకీ కదలదు. విల్లు ఎత్తవలసిన చోట రాముడు అలసిపోయినట్టున్నాడు. వినడానికి వచ్చిన వీధివాళ్లలో ఒకామె ఒళ్లో పిల్లకి జోల కొట్టడం మొదలుపెట్టింది. జోగారావు ఆపి, "ఏం తమ్ముడూ, ఇంత నిదానం ఏమిటి?" అన్నాడు.

ధర్మారావు చేతులు తీసి, మొహమాటంగా చెప్పాడు. "నేను ఎత్తుకున్న నడకలోనే ఉన్నానండి. మీరే వెనక్కి పడుతున్నారు."

"నేనా?"

"అవునండి. ప్రతి చరణానికీ నన్ను ఎవరో వెనక్కి పట్టి ఆపుతున్నట్టుంది."

"ఎనిమిదేళ్లుగా పాడుతున్నానయ్యా. నా తాళం నాకు తెలీదా?"

అన్న తరువాత ఆ మాట అతని చెవిన పడింది. కారు చూడ్డానికి వెళ్లిన రోజున అదే మాట ఎవరన్నారో కూడా గుర్తొచ్చింది. చిడతలు పట్టుకున్న చేతి వైపు చూసుకున్నాడు. తరువాత మెల్లగా కిందికి వంగి గజ్జెలు విప్పాడు. ధర్మారావు తప్పేదీ లేదని అతనికి నచ్చజెప్పి, భోజనం పెట్టించి, బస్సెక్కించి వచ్చాడు. దాసుగారు ఇంకా వసారాలోనే కూర్చుని ఉన్నారు.

"ఆయన పరుగుని మీరు పట్టి ఆపుతున్నారని అనుకున్నానండి" అన్నాడు జోగారావు. "మీ వెనక నిలబడి నేనూ పట్టి ఆపుతున్నానని తెలియలేదు."

అతను విప్పి పెట్టిన గజ్జెలు దాసుగారు చేతిలోకి తీసుకున్నారు.

"ఈ చెయ్యి నేను సరిచేసుకోవాలండి. ఆయనకీ కాస్త చెప్పి చూస్తాను, ఇద్దరం కూర్చుని సాధన చేస్తాం. పాలకొండకి సన్యాసయ్యగారినే రమ్మంటాను."

"రమ్మనడం కాదు, వస్తారేమో వెళ్లి అడుగు" అన్నారు దాసుగారు. "నీ లాగుడు ఆయన ఎనిమిదేళ్లుగా వింటున్నారు. ఒక్కనాడూ వచ్చి నన్ను ప్రశ్న అడగలేదు."