వయసు అని రాసిన మోకాలు

డాక్టర్ వేదాద్రి గారి దగ్గర ఎముకల వైద్యం నేర్చుకుంటున్న శశాంక్ ఒకరోజు కాస్త విసుగ్గానే అడిగాడు. మోకీలు వయసు వల్ల అరిగినా, పాత దెబ్బ వల్ల అరిగినా ఇచ్చే మందులు అవే, చేసే ఆపరేషన్ అదే. మరి కంప్యూటర్లో జబ్బు నమోదు చేసేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో కోడు ఎందుకని.

వేదాద్రి గారికి వాదించే అలవాటు లేదు. పొద్దుటి నుంచి బయట బల్ల మీద కూర్చున్న సన్యాసమ్మను లోపలికి పిలిపించారు. ఆవిడ జనపనార మిల్లులో పనిచేసేది. ఏళ్ల క్రితం ఆ మిల్లులోనే జారిపడి కుడి మోకాలి చిప్ప పగిలింది. ఇప్పుడు ఆ కీలే అరిగి, నిలబడలేకపోతోంది. మిల్లులో దెబ్బ తగిలిన వాళ్లకి కూర్చుని సంచులు కుట్టే పని ఇస్తారు. వయసు మీద పడిన వాళ్లని ఇంటికి పంపేస్తారు.

ఇదంతా ఆవిడ కిందటి వారమే శశాంక్‌కి చెప్పింది, కుట్ల మచ్చ కూడా చూపించింది. అతను విన్నాడు, చూశాడు. కంప్యూటర్లో మోకాలు అని కొట్టగానే మొదట కనబడిన వరసను నొక్కి, తర్వాతి రోగిని పిలిచాడు. ఆ తొందర అతనిది, పోయిన పని ఆవిడది. అలా అచ్చయి వచ్చిన కాగితం చూసి మిల్లువాళ్లు ఆవిడని పనికి రావద్దన్నారు.

"నువ్వు రాసింది ఆవిడకి చదివి వినిపించు" అన్నారు వేదాద్రి గారు.

వయసు వల్ల మోకాలి అరుగుదల అని ఉంది. ఏ కాలో కూడా లేదు. సన్యాసమ్మ శ్రద్ధగా విని, తన కాలి వంక చూసుకుంది.

"అయితే నాను పడనేదేటి బాబూ?"

శశాంక్ తల దించుకున్నాడు. కుడి మోకాలని, పాత దెబ్బ వల్ల వచ్చిన అరుగుదలని, సవరణ రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. ఆవిడ దండం పెట్టి వెళ్లింది.

మర్నాడు అదే కాగితంతో తిరిగొచ్చింది. మిల్లు ఆఫీసరు పూర్తిగా చదవను కూడా లేదట. ముసలావిడని చూసి డాక్టర్లు కరిగిపోయారని నవ్వాడట. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. నొప్పి బిళ్లలు అడిగి తీసుకుని, గోడ పట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే శశాంక్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

"నేను రాసింది నిజమే కదా సర్" అన్నాడు.

"నిజమే. ఆ రోజే రాసి ఉంటే అది ఆవిడ హక్కు. ఇవాళ మన జాలి అయి కూర్చుంది" అన్నారు వేదాద్రి గారు.