భుజమెత్తు గోడ

అనగనగా రాజూ లేడు, రాణీ లేదు అమ్మలూ. సముద్రం పక్కన ఒక ఊరు, ఊరి నడిమధ్య పాత బస్టాండు, ఆ బస్టాండు చివర పెచ్చులూడిన ఒక గోడ. మన కథకి ఉన్న ఆస్తి అంతే. కాళ్ళు ముడుచుకుని పడుకో. నాకూ నడుం లాగేస్తోంది. ఒక్కసారే చెబుతాను.

ఆ ఊళ్ళో మసేనమ్మ అని ఒకామె ఉండేది. తెల్లారగానే రేవులో చేపలు తీసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, ఊరవతలి వీధుల దాకా నడిచి అమ్మేది. సగం దారిలో ఆ గోడ వచ్చేది. సరిగ్గా ఆమె భుజమంత ఎత్తు. గంపని తల మీంచి పక్కకి జరిపితే చాలు, అది గోడ మీద కూర్చునేది. ఆమె నీళ్ళు తాగి, మెడ అటూ ఇటూ తిప్పుకుని, గంపని మళ్ళీ తల మీదికి జరుపుకుని వెళ్ళిపోయేది.

నేల మీద దించితే? మళ్ళీ నెత్తికెత్తడానికి ఇంకో మనిషి కావాలి. నీసు కారే గంపకి చెయ్యెవరు వేస్తారమ్మా? చేపల పులుసంటే అందరికీ ప్రాణమే. గంప కనిపిస్తేనే ముక్కులు మూసుకుంటారు.

అప్పుడు బస్టాండు ఊరి బయటికి పోయింది. ఖాళీ జాగాలో తోట వేస్తామన్నారు మునిసిపాలిటీ వాళ్ళు. మంచిదే. త్రినాథరావు అని ఒక ఇంజినీరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, పాపం. కానీ మొట్టమొదట కొట్టించింది ఆ గోడనే. చూడ్డానికి బాగాలేదట!

మసేనమ్మ ఆఫీసుకి వెళ్ళింది. "బాబూ, మా గోడ మాకు కట్టించు" అంది.

"తోటలో గోడెందుకమ్మా? హాయిగా కూర్చోడానికి బెంచీలు వేయిస్తాగా" అన్నాడు.

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే కాగితంలోకి తల దించేశాడు.

ఆ తర్వాత మొదటిసారి తోట వేశారు. చుట్టూ ఇనప కంచె, గేటుకి తాళం. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తీస్తారు. మసేనమ్మ వచ్చే వేళకి తాళం వేసే ఉంటుంది. కోపం రాదూ మరి? రేవు ఆడవాళ్ళంతా గంపలు తెచ్చి ఆఫీసు మెట్ల మీద పెట్టి కూర్చున్నారు. ఒక రోజు కూర్చున్నారు. రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజుకి ఊళ్ళో పిల్లులన్నీ ఆఫీసులోనే ఉన్నాయి.

నవ్వకు. నిజంగానే అప్పుడు తాళం తీశారు.

రెండోసారి పచ్చగడ్డి పరిచారు. గడ్డి మీద నడవకూడదని పలకలు పాతారు. కాపలాకి ఒకణ్ణి పెట్టారు. వాడు మసేనమ్మని చూడగానే "ఏయ్, నీసు వాసన! అవతలికి నడు" అన్నాడు.

"నిన్న రాత్రి నీ కంచంలోకి నడిచొచ్చింది నా చేపే గదరా! అప్పుడు రాలేదా వాసన?" అంది మసేనమ్మ.

మళ్ళీ మెట్లు, మళ్ళీ గంపలు, మళ్ళీ పిల్లులు. కాపలావాడూ పోయాడు, పలకలూ పోయాయి. కానీ ఇంతలో ఎన్నేళ్ళయిందనుకున్నావు? మసేనమ్మ తల నెరిసిపోయింది. మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. పోట్లాటలో గెలిచినా సరే, పొద్దున్నే మళ్ళీ గంప ఎత్తాల్సిందే గదా తల్లీ.

మూడోసారి త్రినాథరావు బుద్ధిగా ఊరందరినీ సలహాలు అడిగాడు. పది గంటలకి రమ్మన్నాడు. పంతుళ్ళు వచ్చి దీపాలడిగారు. షాపుల వాళ్ళు వచ్చి బాట అడిగారు. పిల్లల తల్లులు వచ్చి ఉయ్యాలడిగారు. పది గంటలంటే చేపలు అమ్ముడయ్యే వేళ. రేవు నుంచి ఒక్కరూ రాలేదు. వాళ్ళకేమీ అక్కర్లేదు కాబోలు అనుకున్నాడాయన!

తోట ఎంత బాగుందని! కానుగ చెట్లు, కుళాయి, బెంచీలు, "అందరూ రండి" అని రంగుల బోర్డు. మసేనమ్మ మాత్రం ఆ బోర్డు కింద ఎండలో నిలబడి, గంపతోనే ఆయాసం తీర్చుకుని, గంపతోనే వెళ్ళిపోయేది.

ఒకరోజు త్రినాథరావు చూశాడు. "ఏం మామ్మా, ఇంకా కోపమేనా? లోపలికొచ్చి కూర్చో" అన్నాడు.

"కూర్చుంటాను బాబూ. మళ్ళీ లేపేదెవరు?"

"అదేం మాట? నేను లేనా?" అని గంప దింపాడు. ఆమె కడుపునిండా నీళ్ళు తాగింది. అప్పుడు, మొగాణ్ణి గదా, నేనే మోస్తానని, ఆమె చేత ఎత్తించుకుని గంప తన నెత్తి మీదే పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, మెడ కటుక్కుమంది. నీసునీళ్ళు చొక్కాలోకి దిగాయి. దించుదామని చూస్తే బెంచీలు మోకాళ్ళ దగ్గరున్నాయి. వంగితే గంప బోర్లా పడుతుంది. చుట్టూ జనం ముక్కులు మూసుకుని అంత దూరంలో నిలబడ్డారు.

"మామ్మా, దించెయ్యి మామ్మా!" అన్నాడు.

"ఉండు బాబూ. నేను ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను. నువ్వు ఇప్పుడేగా అడిగింది" అంది. అని మరి కాసేపు ఉంచి, దించింది.

అప్పుడు ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఎంత ఎత్తు ఉండాలి?" అన్నాడు. మసేనమ్మ తన భుజం మీద చెయ్యి పెట్టి చూపించింది. తర్వాత ఆలోచించి, "నాకొక్కదానికే కాదు. పొట్టిదానికి పొట్టిగా, పొడుగుదానికి పొడుగ్గా" అంది.

అలా మూడెత్తుల గోడ ఒకటి కట్టారు, కానుగ నీడలో, కుళాయి పక్కన. దానికీ కాగితాలు తిరగాలి గదా, మరో ఏడాదిన్నర పట్టింది. అప్పటికి బరువు ఎత్తొద్దన్నారు డాక్టర్లు మసేనమ్మని. ఆమె ఉత్త చేతులతో వచ్చి నిలబడింది. ఆమె కోడలు గంపతో వచ్చింది. జరిపింది. నీళ్ళు తాగింది. మళ్ళీ తల మీదికి జరుపుకుంది. ఎవరినీ పిలవకుండా వెళ్ళిపోయింది.

మసేనమ్మ ఆ గోడని అరచేత్తో తడిమి చూసింది. "ఇంతేనా! ఇంత పనికి ఇన్నేళ్ళా?" అంది. అని, అక్కడే బెంచీ మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు.

ఏంటమ్మా? ఆ గోడ ఇప్పుడు ఉందా అనా? మొన్న ఐసు తింటూ ఎక్కి కూర్చుని కాళ్ళు ఊపావే, అదే. ఈసారి గంపతో ఎవరైనా వస్తే, వాళ్ళు అడగకముందే దిగాలి. సరేనా?

కథ కంచికి,
గంప గట్టుకి,
నడక ఇంటికి,
నిదర కంటికి.