అక్కమాంబ విసనకర్ర

"మా మేనత్తకి మాట వినపడేలా చేసినవాళ్ళు ఏది అడిగితే అది ఇస్తాను!"

వెదురుకోటనేలే భైరవరాజు నిండు సభలో ఈ మాట అనేసరికి అందరూ ముఖముఖాలు చూసుకున్నారు.

రాజుకి తల్లిలేని లోటు తెలియకుండా పెంచింది మేనత్త అక్కమాంబే. ఆవిడకి డెబ్బై ఏళ్ళు. ప్రతి శుక్రవారం కోటలో ఆడవాళ్ళ మొరలు వినేది. మగవాళ్ళ ముందు నోరు విప్పలేని కష్టాలన్నీ ఆవిడ దగ్గర చెప్పుకుని వెళ్ళేవాళ్ళు. ఈమధ్య ఆవిడకి చెవులు మందగించాయి. నిన్నటికి నిన్న ఒకామె వచ్చి, "మా మరిది పొలం లాగేశాడమ్మా!" అని ఏడిస్తే, "పాలు తాగేశాడా? పోనీలేవే, ఇంకో చెంబెడు పొయ్యి" అంది.

కోటంతా పగలబడి నవ్వింది. వచ్చినామె మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

"వచ్చే శుక్రవారంలోగా దారి దొరక్కపోతే ఆ మొరలు కొత్వాలుకి అప్పజెప్పక తప్పదు" అన్నాడు రాజు దిగులుగా.

సభలో తమలపాకు చిలకలు చుట్టి అందించే చెంగమ్మకి ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. కొత్వాలు మీసం చూస్తేనే ఆడవాళ్ళు ఆమడ దూరం పరిగెడతారు. ఇక వాడికి కష్టమేం చెప్పుకుంటారు?

ఇంతలో నృసింహభట్టు లేచాడు. ఆస్థానంలో యంత్రాలు చేసేది ఆయనే. చెంబుకి మూత చేసినా దాని మీద తన బిరుదులన్నీ చెక్కించుకునే మనిషి.

"వారం దాకా ఎందుకు ప్రభూ? మూడు రోజులు చాలు!"

అన్నట్టే నాలుగో రోజు ఒక వెండికొమ్ము తెచ్చాడు. ఏనుగు తొండమంత ఉంది. మొయ్యడానికి ఇద్దరు మనుషులు. దాని సన్న కొసని అక్కమాంబ చెవికి ఆనించి, వెడల్పు మూతిలో తల దూర్చి భట్టు గొంతు చించుకున్నాడు.

"అమ్మగారికి జయము జయము!"

అక్కమాంబ ఉలిక్కిపడి చేతిలో ఉన్న విసనకర్రతో కొమ్ముని ఒక్కటిచ్చింది.

"వినపడింది కదా తల్లీ?" అన్నాడు భట్టు మురిసిపోతూ.

"నాకే ఏమిటి, సంతలో గాడిదలకి కూడా వినపడింది! కాపురం సంగతి గుట్టుగా చెప్పుకోవాలని వచ్చిన ఆడది దీంట్లో అరవాలటయ్యా?"

భట్టు ముఖం మాడింది. "యంత్రంలో లోపం లేదు ప్రభూ. అమ్మగారికే దాన్ని వాడడం చేతకావడం లేదు" అన్నాడు.

అప్పుడు చెంగమ్మ ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"దొరా, రెండు రోజులు అమ్మగారి దగ్గర కూర్చోడానికి సెలవివ్వండి."

"కూర్చుని ఏం చేస్తావు?"

"ఆకులు చుడతాను దొరా."

"చెవుడుకి తాంబూలమా మందు!" అని భట్టు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు మాత్రం సరేనన్నాడు.

చెంగమ్మ వెళ్ళి అక్కమాంబ పక్కన కూర్చుంది. చూస్తే అంతా వింతగా ఉంది. వంటింట్లో దాసీలు గుసగుసలాడుకున్నా ఆవిడ టక్కున అందుకుంటోంది. కొలువుకూటంలో అడుగుపెట్టగానే చెవిటిదైపోతోంది.

రెండో రోజు చెంగమ్మ వంగి పళ్ళెంలో ఆకులు ఏరుతూ ఏదో అడిగింది. "ఏంటే?" అంది అక్కమాంబ. తలెత్తి అదే మాట అదే గొంతుతో అడిగితే వెంటనే జవాబొచ్చింది.

చెంగమ్మ చేతిలో ఆకు జారిపోయింది. "అమ్మగారూ! మీరు వింటున్నది కళ్ళతోనా?"

అక్కమాంబ సిగ్గుపడింది. "అవునే. పెదాలు చూసి పోల్చుకుంటున్నాను. కొలువులో ప్రతివాళ్ళూ మర్యాదంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతారాయె. ఇంకేం కనిపిస్తుంది? పక్కనుంచో వెనకనుంచో పలకరిస్తే అసలే తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరు అడిగారే?"

శుక్రవారం వచ్చింది. అక్కమాంబ కొలువుకూటంలో కూర్చుంది. చేతిలో అదే పాత వట్టివేళ్ళ విసనకర్ర. చలికాలంలో కూడా ఆవిడ దాన్ని వదలదు. దాని నడుమ చెంగమ్మ అరచెయ్యంత అద్దం కుట్టింది.

"దొరా, అమ్మగారి ముందు ఎవ్వరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదని ఆజ్ఞ ఇవ్వండి. అంతే చాలు."

రాజు ఆజ్ఞ ఇచ్చాడు. భట్టు ముక్కు చిట్లించాడు.

"అద్దం చూసుకుంటే చెవుడు పోతుందా! ఇదొక యంత్రమా?"

"అయితే మీరే పరీక్ష పెట్టండి భట్టుగారూ. అమ్మగారి వెనక నిలబడి, మీకు తోచిన మాట అనండి. మాకెవ్వరికీ వినపడనంత మెల్లగా."

భట్టుకి నవ్వొచ్చింది. వెళ్ళి వెనక నిలబడి, గొంతు పైకి రానివ్వకుండా పెదాలు మాత్రం కదిపాడు. సభకి చీమ చిటుక్కుమన్నంత కూడా వినపడలేదు.

అక్కమాంబ వెనక్కి తిరగలేదు. విసనకర్ర కాస్త ఎత్తి పట్టుకుని కిలకిలా నవ్వింది.

"ఒరే నాయనా, నువ్వు మొద్దువట. నేను చెవిటిదాన్నట. అత్తా అల్లుడూ సరిపోయామట!"

రాజు కళ్ళెర్రజేశాడు.

"లేదు ప్రభూ! నేను... నేను విష్ణునామం జపించాను!"

"జపమే అయితే, ఇప్పుడీ లోపల్లోపల గొణుగుడేమిటయ్యా?" అంది అక్కమాంబ అద్దంలోకి చూస్తూ. "'చచ్చాన్రా దేవుడా' అనేది ఏ నామం?"

భట్టు రెండు చేతులతో నోరు గట్టిగా మూసేసుకున్నాడు.

చెంగమ్మ చేతులు జోడించి అంది:

"చూశారా దొరా, ఇప్పుడు అమ్మగారికి నిజంగానే ఏమీ వినపడదు!"

సభ గొల్లుమంది. అందరికన్నా ముందు రాజే నవ్వాడు, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మా అత్త కొలువు మా అత్తదే! చెంగమ్మా, ఏం కావాలో అడుగు."

"అమ్మగారి పక్కన కూర్చోడానికి ఒక పీట, దొరా."

పీటకి వెండి రేకు తొడిగించి ఇచ్చాడు రాజు. తన చేతి బంగారు కడియం తీసి చెంగమ్మ చేతికి పెట్టాడు.