తోడికోడళ్ళ చీజ్ బూరెలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒకటే వంటగది, ఆ వంటగదిలో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె మాణిక్యం, చిన్నామె హైమ. తోడికోడళ్ళంటే తెలుసుగా బంగారం? అన్నదమ్ముల భార్యలు.

మాణిక్యం వంటంటే ఇంటిల్లిపాదికీ ఇష్టం. ఆమె కూతురు కుందనకైతే మరీ ఇష్టం. అమ్మ చేత్తో పెడితే తప్ప ఆ పిల్ల ముద్ద మింగేది కాదు. మాణిక్యానికి అదే పెద్ద గొప్ప.

ఒకరోజు హైమ బజారు నుంచి ఇటుకంత చీజ్ ముక్క తెచ్చింది. గడువు దగ్గరపడిందని కొట్టువాడు సగం ధరకే ఇచ్చాడట. చీజంటే మరేం కాదమ్మా, పాలు విరిచి, నీళ్ళు పిండేసి, ఉప్పేసి గట్టిపరిచిందే. త్వరగా వాడుకోవాలి, లేకపోతే బూజు పడుతుంది.

అప్పుడు హైమ ఏం చేసిందీ? పొద్దున దోసె మీద తురిమింది. మధ్యాహ్నం మిగిలిన చపాతీల్లో చుట్టింది. సాయంత్రం గుంటపొంగణాల్లో కూరింది. కుందన ఆవురావురుమని తిని, "రేపు కూడా పిన్నే పెట్టాలి" అంది.

అంతే, మాణిక్యం గుండెలో మిరపకాయలు దంచినట్టయింది. పిల్ల కడుపు నిండితే తల్లి సంతోషించాలి కదా? సంతోషించలేదు. ఆ ఖాళీ పళ్ళెం వంక చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా అదే కొట్టుకు వెళ్ళి, ఒకటి కాదు, రెండు ఇటుకలు కొనుక్కొచ్చింది. ఎలా వాడాలో హైమని అడగొచ్చుగా? అడగలేదు. అడిగితే నామోషీ.

మొదట పెసరట్టు మీద తురిమింది. అలవాటు కొద్దీ పిండిలో ఎప్పటిలాగే ఉప్పు వేసేసింది. చీజులో ఉప్పు ఉండనే ఉంది కదా మరి! కుందన ఒక్క ముక్క కొరికి నీళ్ళగ్లాసు ఎత్తింది.

ఆ తర్వాత ముక్కలు కోసి చింతపండు పులుసులో వేసింది. గరిటె ఎత్తితే తీగలు, దించితే ముద్ద. మామగారు గరిటెనీ కోడల్నీ మార్చి మార్చి చూసి, మజ్జిగ పొయ్యమన్నారు.

ఆ తర్వాత, పాలు చెడకుండా మళ్ళీ కాచిపెడతాం చూడు, అలాగే మిగిలిన ముక్కని గిన్నెలో వేసి కాచింది. పైన నూనె తేలింది, అడుగున రబ్బరు మిగిలింది.

ఒక ఇటుక అలా దండగైపోయింది. రెండోదాన్ని ఫ్రిజ్జులో పెరుగు గిన్నె చాటున దాచింది. తలుపు తీసినప్పుడల్లా అది కనబడేది, ఒళ్ళు మండేది.

ఇంతలో హైమ తన చివరి ముక్క పారెయ్యడం ఇష్టంలేక, ఉడికిన బంగాళాదుంపతో కలిపి ఉండలు కట్టి, బూరెల పిండిలో ముంచి నూనెలో వేసింది. వేసినవి వేసినట్టే చిట్లిపోయాయి. చీజు కారి మూకుడంతా నురగ, ఉండలన్నీ మాడు.

అప్పుడు మాణిక్యానికి లోపల ఎంత హాయిగా ఉందో! ఆమె చేతి బూరె ఏనాడూ చిట్లలేదు. తప్పెక్కడుందో చూడగానే తెలిసింది. నోరు మూసుకుంటే చాలు, రేపటి నుంచి పిల్ల మళ్ళీ తనదే.

"ఏం తప్పు చేశానక్కా?" అని అడిగింది హైమ. మాణిక్యం విననట్టే గిన్నెలు సర్దుకుంది.

కుందన పళ్ళెం చాపి, "పర్లేదు పిన్నీ, ఆ మాడినవే పెట్టు, తింటాను" అంది.

మాణిక్యానికి ఇంకా మండింది. మండినా, పిల్ల తనది కావాలని పిల్ల చేత మాడు తినిపిస్తుందా ఏ తల్లయినా?

"పిండి పలచనైంది. పక్కకు జరుగు" అంది.

వేలు ముంచితే వేలు కనబడనంత చిక్కగా పిండి కలిపింది. ఇంకా వెయ్యని ఉండల చుట్టూ ఎక్కడా సందు లేకుండా పట్టించి, నూనె బాగా కాగాక వదిలింది. ఒక్కటంటే ఒక్కటి చిట్లలేదు.

అప్పుడు పెరుగు గిన్నె జరిపి, దాచిన ఇటుక తీసి హైమ ముందు పెట్టింది.

"మొన్ననే చూశానక్కా. నువ్వే తీస్తావని ఊరుకున్నా" అంది హైమ. దాన్నంతా తురిమి, అతుక్కోకుండా కాస్త మొక్కజొన్న పిండి చల్లి, చిన్న పొట్లాలు కట్టి ఫ్రిజ్జులో మంచు గడ్డకట్టే అరలో పెట్టింది. కావలసినప్పుడు కావలసినంతే తీసుకోవచ్చు. గోరంత కూడా పోలేదు.

మరి కుందన మొదటి బూరె ఎవరి నోట్లో పెట్టిందనుకున్నావు? పిన్ని నోట్లోనే. మాణిక్యానికి చురుక్కుమంది. అసూయ ఒక్క పూటలో పోదు బంగారం. పోలేదు గానీ, మాణిక్యం పిల్ల పళ్ళెంలో ఇంకో రెండు వేసి, "వేడివి ఇవి. ఇవి కూడా పెట్టు మీ పిన్నికి" అంది.

తురుము చేరె బూరెకి,
బూరె చేరె బొజ్జకి,
కథ చేరె కంచికి,
మనం చేరాం పక్కకి.