మంచం వేడెక్కకముందే

రత్నగిరి రాజు విజయపాలుడికి భోజనం మధ్యలో ఓ ఆలోచన వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళను ఉంచుకుని మళ్ళీ నడిపించే వైద్యశాలలు ఊళ్ళో రెండున్నాయి. రెంటికీ కోట నుంచే బియ్యం వెళ్తోంది. ఒకటి మూసేస్తే పోలా?

మర్నాడు వైద్యులిద్దర్నీ సభకు పిలిపించాడు. "మీలో ఎవరు బాగా పనిచేస్తున్నారు?"

"నా దగ్గర రోగి మంచం వేడెక్కకముందే లేచి ఇంటికెళ్ళిపోతాడు ప్రభూ," అన్నాడు రాజవైద్యుడు శరభాచార్యులు, మీసం దువ్వుకుంటూ. "అలివేలమ్మగారి దగ్గర పడుకున్నవాళ్ళు నెలల తరబడి లేవరు."

"నా దగ్గరికొచ్చేవాళ్ళు మెడ కూడా తిప్పలేరు మహారాజా," అంది అలివేలమ్మ. "వాళ్ళు తమ ముద్ద తాము కలుపుకోవడానికే చాలా కాలం పడుతుంది."

"అయితే మీది మూసేద్దాం," అన్నాడు రాజు.

ఆవిడ ముఖం పాలిపోయింది. మంచాల మీదున్నవాళ్ళను ఎక్కడికి పంపాలి?

విదూషకుడు కొండుభట్టు లేచాడు. "రేపటిదాకా ఆగండి ప్రభూ."

ఆ సాయంత్రం శరభాచార్యుల వైద్యశాల గుమ్మంలో ఓ డోలీ ఉంది. అందులో కొండుభట్టు మూలుగుతున్నాడు.

"సభ నుంచి ఇంటికెళ్తూ పడ్డాను, కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి ఆచార్యులవారూ."

ఆచార్యులు వెనక్కి తగ్గాడు. "అలివేలమ్మ దగ్గరికి పో నాయనా."

"బొటనవేలు కాస్త కదులుతోందండీ."

"ముందే చెప్పొద్దూ? లోపలికి రా."

మర్నాడు పొద్దున్నే ఆచార్యులు అతని అరికాళ్ళకు నూనె రాసి, "లే, నయమైపోయింది," అన్నాడు. కొండుభట్టు లేచి గెంతాడు. ఆచార్యులు ఉప్పొంగిపోయి అతన్ని సభకు నడిపించుకొచ్చాడు.

"నిన్న డోలీలో వచ్చినవాడు ప్రభూ. చూడండి, ఇవాళ లేడిపిల్ల."

సభంతా చప్పట్లు కొట్టింది. రాజు కూడా ముచ్చటపడ్డాడు.

"పాపం, ఆ డోలీ ఎవరు మోశారు కొండుభట్టూ?"

"ఎవరూ దొరకలేదు ప్రభూ. నేనే నెత్తిన పెట్టుకెళ్ళి, గుమ్మంలో దించి, ఎక్కి పడుకున్నాను."

ఆచార్యుల చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"కాళ్ళు చచ్చుబడ్డాయంటే పొమ్మన్నారు, వేలు కదిలిందంటే రమ్మన్నారు," అన్నాడు కొండుభట్టు. "వచ్చినప్పుడెలా ఉన్నాడో, పోయేటప్పుడెలా ఉన్నాడో చూడకుండా, ఎంత తొందరగా పోయాడన్నదే కొలిస్తే..."

"కొలిస్తే?"

"జబ్బు లేనివాడే అందరికంటే మంచి రోగి ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అలివేలమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. రాజు తన చేతి కంకణం తీసి కొండుభట్టుకు తొడిగి, ఆచార్యుల వైపు తిరిగాడు.

"ఏదీ మూసేది లేదు. ఇకనుంచి మెడ తిప్పలేనివాళ్ళు ముందు మీ గుమ్మానికే వస్తారు."