జున్ను ఎవరి పిల్ల?

చెరకు తోటల మధ్య ఒక బెల్లం గానుగ ఉంది. దాని పక్కనే చెరకు పిప్పి కొండంత పోసి ఉంటుంది. లోపల వెచ్చగా, తేమగా ఉంటుందని జెర్రిపోతులు అందులో గుడ్లు పెడతాయి. గానుగ తిప్పేది మైలన్న అనే ఎద్దు. తోలేవాడు నీడలో కునుకు తీసినా మైలన్న ఆగడు. ఆ అలవాటు మాటకూ అంటుకుంది. ఎవరేమడిగినా ఒక చుట్టు తిరిగొచ్చాకే జవాబు. ఓపికున్నవాళ్ళు వింటారు, లేనివాళ్ళు పోతారు.

ఆ పూట పుట్టాలమ్మ గుడ్లు పగిలాయి. పుట్టాలమ్మ గోధుమరంగు జెర్రిపోతు. మొగుడు సుబ్బారాయుడిదీ అదే రంగు, కాకపోతే అతని వీపు మీద మెడ నుంచి తోక దాకా ఒక పసుపు చార ఉంది. పిల్లలు పిప్పిలోంచి ఒక్కొక్కటే తలలెత్తాయి. సగం వాటికి నాన్న చార ఉంది, సగం వాటికి లేదు. రంగు మాత్రం అన్నిటిదీ గోధుమే. అందరికంటే చివర ఒకటి పాక్కుంటూ వచ్చింది. ఒళ్ళంతా తెలుపు, కళ్ళు ఎరుపు.

"అచ్చం జున్నుముక్కే!" అని పుట్టాలమ్మ మురిసిపోయి, జున్ను అని పేరు కూడా పెట్టేసింది.

ఇదంతా కోడిపెట్ట చుక్కమ్మ చూసింది. గుడ్ల విషయంలో చుక్కమ్మకీ పాములకీ పాత తగాదా ఉంది. ఇంకేం, రెక్కలు టపటపలాడిస్తూ గానుగ దొడ్డంతా తిరిగింది.

"విన్నారా? గోధుమరంగు మొగుడికీ గోధుమరంగు పెళ్ళానికీ తెల్లపిల్ల! ఇదెక్కడి చోద్యమమ్మా!"

ఆ కేక చెరకు మడిలో ఉన్న నక్క తిరపతయ్య చెవిన పడింది. ఎవరూ పిలవకపోయినా వచ్చి తీర్పులు చెప్పడం అతని వ్యాపకం. తీర్పు ముగిసేసరికి దొడ్లో ఎవరో ఒకరు తగ్గి ఉంటారు.

"అమ్మా పుట్టాలమ్మా, విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?"

"మొలవదు బాబూ."

"మరి ఇదెలా మొలిచింది? ఎవరిదో గుడ్డు మీ కుప్పలోకి దొర్లింది. తల్లీతండ్రీ పోలిక లేని పిల్ల ఆ ఇంటిది కాదు. ఇదే నా తీర్పు. పరాయి బిడ్డని ఉంచుకోవడం పాపం. నాకివ్వు, కొండ అవతల దాని వాళ్ళకి అప్పజెప్పొస్తా." ఆ మాట అంటూనే మూతి నాక్కున్నాడు.

పుట్టాలమ్మ జున్నుని చుట్టల మధ్యకి లాక్కుంది. "నేను చుట్టుకుని పడుకున్న గుడ్డు నాకు తెలీదా? ఇది నా బిడ్డే!"

"కాకి పిల్ల కాకికి ముద్దు. ముద్దు వేరు, న్యాయం వేరు."

సుబ్బారాయుడు బుస కొట్టాడు గానీ, లోపల పురుగు తొలిచింది. పెళ్ళాం వైపు ఓరగా చూశాడు. ఆవిడ తిరిగి చూసిన చూపుకి తల వెంటనే దించేసుకున్నాడు.

ఆ దొడ్లో ఒక కట్టుబాటు ఉంది. తీర్పు ఎవరు చెప్పినా, ముందు చెప్పినవాడి ఇంట్లో అమలు కావాలి. ఎప్పుడో ఒక పిల్లి అందరికీ ఉపవాసం విధించి తాను మాత్రం పాలు తాగిందట, అప్పటి నుంచి వచ్చింది ఆ కట్టుబాటు. తిరపతయ్యకి అది తెలుసు. కానీ ఆకలి మీద ఉన్నవాడికి ఏం గుర్తుంటుంది?

"మైలన్నా, నువ్వైనా చెప్పు," అని పుట్టాలమ్మ ఏడుపు గొంతుతో అడిగింది.

మైలన్న తలూపి ముందుకు నడిచాడు. అందరూ కాచుకున్నారు. చుట్టు తిరిగి వచ్చాక అడిగాడు. "తిరపతయ్యా, ఈ తీర్పు పాములకేనా, అందరికీనా?"

"న్యాయానికి పామేమిటి, నక్కేమిటి? అందరికీ!"

మైలన్న మళ్ళీ వెళ్ళాడు. తిరపతయ్య కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. మైలన్న తాపీగా తిరిగొచ్చాడు.

"పొద్దున చెరకు బండి లాక్కొస్తుంటే తూర్పు మడి గట్టు మీద మీ పిల్లలు ఆడుకుంటున్నాయి. అన్నీ ఎర్రవే. ఒకటి మాత్రం బొగ్గు నలుపు. మీ ఆలుమగలిద్దరిదీ ఎరుపే కదూ?"

అని, మళ్ళీ నడిచిపోయాడు.

తిరపతయ్యకి దొంగకు తేలు కుట్టినట్టయింది. చుక్కమ్మకి మాత్రం పండగే. దానికి పాములైనా ఒకటే, నక్కలైనా ఒకటే, కబురు ముఖ్యం. "అయితే ఆ నల్లపిల్లని కొండ అవతలికి ఎవరు తీసుకెళ్తారు? దుమ్ములగొండి ఖాళీగానే ఉన్నాడు, పిలవమంటారా?"

"నోర్ముయ్!" అని తిరపతయ్య అరిచాడు. గొంతులో మొదటిసారి జిత్తు లేదు, భయం ఉంది. "వాడు నా బిడ్డ! మా అవ్వ నల్లది. మా ఆవిడ తాత నల్లవాడు. ఏ బిడ్డకైనా రంగులో రెండు వంతులుంటాయి, అమ్మ ఇచ్చింది ఒకటి, అయ్య ఇచ్చింది ఒకటి. ఎరుపు పక్కనుంటే నలుపు నోరెత్తదు, అణిగి ఉంటుంది. నాలోనూ అణిగి ఉంది, మా ఆవిడలోనూ ఉంది. మా ఇద్దరి దగ్గర్నుంచీ ఆ నలుపు వంతే అందుకున్న బిడ్డ నల్లగా పుడతాడు. నాలుగింట ఒకటి రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. అంతమాత్రాన పరాయివాడవుతాడా?"

పుట్టాలమ్మ తల పైకి లేచింది. "మా తాత తెల్లగా ఉండేవాడని మా అమ్మ చెప్పేది!"

"మా అమ్మమ్మా తెల్లదే!" అన్నాడు సుబ్బారాయుడు. "గద్ద ఎత్తుకుపోయిందట, అందుకని ఇంట్లో ఎవరూ తలుచుకునేవారు కాదు. పుట్టాలూ, నా బుద్ధి గడ్డి తిన్నదే!"

"ఆ సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం," అంది పుట్టాలమ్మ. కానీ నవ్వింది.

చుక్కమ్మ ఊరుకోలేదు. "మరి ఆ చారేమిటి? తల్లికి లేదుగా, సగం మందికి ఎలా వచ్చింది?"

తిరపతయ్య అప్పటికే మాట జారాడు, ఇక నోరు ఆగలేదు. "చార అణిగి ఉండే రకం కాదు. తండ్రి నుంచి ఒక్క వంతు అందినా వీపెక్కి కూర్చుంటుంది. అందిన పిల్లకి ఉంది, అందనిదానికి లేదు. నీ కడుపులో మాటలాగే, లోపల ఉంటే బయటపడాల్సిందే."

"రేపు జున్ను పిల్లలన్నీ తెల్లవేనా?" అని మళ్ళీ చుక్కమ్మే అడిగింది.

"తెలుపు వంతే లేని గోధుమవాణ్ణి కట్టుకుంటే ఒక్కటీ తెల్లగా పుట్టదు. అన్నిట్లోనూ తెలుపు అణిగి ఉంటుంది, అంతే. మళ్ళీ అలాంటివి రెండు జతకడితే…"

మాట మధ్యలో ఆపి చూశాడు. మైలన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ గానుగలో మైలన్న ఆగడం ఎవరూ ఎరగరు.

"అయితే తిరపతయ్యా, జున్ను ఎవరి పిల్ల?"

దొడ్డి మొత్తం నక్క మూతి వైపు చూసింది.

"పుట్టాలమ్మదే," అన్నాడు చివరికి. "సుబ్బారాయుడిదే."

ఆ సంబరం చూడాలి! పాము పిల్లలన్నీ జున్ను చుట్టూ మెలికలు తిరిగాయి. చుక్కమ్మ పాత తగాదా మరిచిపోయి, "ఇలాంటి రంగు నా జన్మలో చూడలేదు, దిష్టి తీయండర్రా!" అని ఎగిరింది. గద్ద కంట పడకుండా పెరగాలని మైలన్న జున్నుని తన పాక చూరులో ఉండమన్నాడు. ఈ మాట మాత్రం చుట్టు తిరగకుండానే చెప్పాడు.

తిరపతయ్య ఖాళీ కడుపుతో ఇల్లు చేరాడు. నల్లపిల్ల పరుగున ఎదురొచ్చి కాళ్ళకి చుట్టుకుంది.

"నాన్నా, ఏం తెచ్చావ్?"

"తీర్పు తేబోయాను రా."

"ఏదీ?"

"దారిలో నేనే మింగేశాను," అని తిరపతయ్య వాడి నల్లటి నెత్తి నాకాడు.

పొరుగింటి బిడ్డని కొలిచే కర్ర, ముందు నీ బిడ్డ పక్కన నిలబెట్టి చూసుకో.