పిల్లకో చెట్టు

జాజుకొండ అడవిలో కుందేళ్లు, ఏదుపందులు, ఎలుగుబంట్లు, నెమళ్లు ఇరుగుపొరుగుగా ఉండేవి. ఆ రోజులే వేరు. ఏ ఇంట పిల్ల పుట్టినా కొండచరియ కింద బండ మీద ఎర్రటి జాజుమట్టితో ఒక చెట్టు బొమ్మ వేసేవి. చుట్టుపక్కల జంతువులన్నీ వచ్చి, పిల్లను ఒళ్లో పెట్టుకుని, ఆ చెట్టుకు తలా ఒక ఆకు గీసేవి. ఒళ్లో పిల్ల, చేతిలో జాజు ముద్ద, నోటినిండా కబుర్లు! ఎంత సందడిగా ఉండేదో!

ఒక ఏడు కుందేలుకూ నెమలికీ ఒకేసారి పిల్లలు పుట్టాయి.

కుందేలు పిల్ల చెట్టుకు జంతువులన్నీ ఆకులు గీశాయి. ఎలుగుబంటి గీసిన ఆకు అరిసె అంత ఉంది. ఏదుపంది ఆకు నిండా ముళ్లే. కుందేలు నవ్వి, "బాగుంది, ఉండనీ" అంది.

నెమలి మాత్రం ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు.

"నెమలి బావా, పిల్లను ఒకసారి ఇలా ఇవ్వు. ఆకు గీసి పోతాను" అంది ఏదుపంది.

"నీకిస్తే పిల్లకు గుచ్చుకోవూ! నా పిల్ల చెట్టు నేనే వేసుకుంటా. మీ వంకర ఆకులు నాకెందుకు?"

"ముళ్లు వీపు మీదున్నాయి బావా, ఒళ్లో కాదు" అని గొణుక్కుంటూ ఏదుపంది వెళ్లిపోయింది.

నెమలి ఒక్కటే కూర్చుని చెట్టంతా వేసింది. ఆకులన్నీ అచ్చుపోసినట్టు కుదిరాయి. చూసి మురిసిపోయింది. పిల్లను మాత్రం ఎవరూ చూడలేదు.

వానలు మొదలయ్యాయి. ఒకనాడు పెద్ద గాలివాన వచ్చి వాగు పొంగింది. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. పొద చాటున ఏడుపు వినగానే ఎలుగుబంటి, "ఇది మన కుందేలు పిల్ల గొంతే!" అని ఎత్తుకొచ్చి ఇచ్చింది.

నెమలి పిల్ల మాత్రం ఇల్లు చేరలేదు. నెమలి ఇల్లిల్లూ తిరిగింది.

"వాగు ఒడ్డున ఒక పిల్ల ఏడుస్తుంటే చూశాను బావా. అడవికోడి పిల్లేమో అనుకుని వచ్చేశా. నీ పిల్లను నేనెప్పుడు చూశాను గనక?" అంది ఎలుగుబంటి.

నెమలి వాగు పొడుగునా ముళ్లపొదలన్నీ దూరి వెతికింది. అందమైన తోక ఈకలన్నీ చిరిగి ఊడిపోయాయి. చివరికి ఒక అడవికోడి రెక్కల కింద పిల్ల కనిపించింది.

"నీ పిల్లేనా, అన్నా? పాపం, తడిసి వణుకుతుంటే నా పిల్లల్లో కలుపుకున్నా" అంది కోడి.

నెమలి వెంటనే పిల్లనూ కోడినీ బండ దగ్గరకు తీసుకెళ్లింది. తను వేసిన ఆకులన్నీ తడి రెక్కతో తుడిచేసింది.

"ముందు నువ్వే గియ్యి తల్లీ."

"నాకు బొమ్మలు రావన్నా."

"కాలితో గీరినా చాలు."

కోడి పిల్లను రెక్క కింద పెట్టుకుని, కాలికి జాజు అద్దుకుని బరబరా గీరింది. నెమలి మిగతా వాళ్లను పిలవడానికి పరుగెత్తింది.

నీతి: నలుగురి ఒళ్లో పెరిగిన పిల్లను నలుగురూ కాపాడతారు. గర్వంతో ఇరుగుపొరుగును దూరం పెట్టకూడదు.